ద్వారబంధం మీది 'విభవ' ఏ విభవ?

ప్రశ్న: మాది చెన్నై జార్జ్‌టౌన్‌లోని పెద్దనాయకన్‌పేట. నాయనమ్మ వాళ్ల పాత ఇల్లు కూల్చి ఫ్లాట్లు కట్టించడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ఇంకా నాలుగు నెలల గడువు ఉంది. ఈలోగా ఇంటి చరిత్ర రాసి పిల్లల చేతిలో పెట్టాలని నా కోరిక. వీధి గుమ్మం ద్వారబంధం మీద తెలుగులో 'విభవ నామ సం॥ వైశాఖ శు॥' అని చెక్కి ఉంది. ఆ తరువాతి అక్షరాలు సున్నంలో పూడిపోయాయి. వెనక వసారా పెంకు మీద 1865 అని ఉంది. కాబట్టి ఇల్లు 1868లో కట్టారని పెదనాన్న అంటారు. మొదట ఇది ఒక దుబాసీ (ఇంగ్లీషువాళ్లకు దుబాసీగా, వ్యాపార దళారీగా ఉన్నవాడి) ఇల్లని, వంటింటి కింద నుంచి సెయింట్ జార్జ్ కోట దాకా సొరంగం ఉందని కూడా అంటారు. మండువా మధ్యలో అడ్డగోడ ఎందుకు ఉందో మాత్రం ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఒక ట్రంకు పెట్టె నిండా తెలుగు కాగితాలున్నాయి, ఆ రాత మాకు అర్థం కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, పెట్టె దగ్గర మొదలుపెట్టండి. సొరంగాన్ని పెదనాన్నగారికే వదిలేయండి. ముప్ఫై ఏళ్ల పాటు వకీళ్ల కోసం ఆస్తి పత్రాలు వెతికిపెట్టడమే నా పని. ఆ వీధుల్లో నేను గడప తొక్కిన పాత ఇళ్లలో సగం ఇళ్ల కింద సొరంగం ఉండేది, అన్నీ కోటకే పోయేవి. మీ పెరటి బావిలో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో ఒకసారి తొంగి చూడండి. సముద్రానికి అంత దగ్గరగా, ఆ నీటి మట్టం కింద, కోట దాకా ఎవరు తవ్వారో, ఎవరు తోడిపోశారో పెదనాన్నగారినే అడగండి. ఆయన నొచ్చుకోకుండా అడగండి, ఎందుకంటే ఆయనతో మనకు ఇంకా పని ఉంది.

ముందు ఆ పెంకు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే దాని వల్ల చాలామంది బోల్తా పడ్డారు. వెనక్కి తిప్పి 1865కు పైనా కిందా ఏముందో చూడండి. 'బాసెల్ మిషన్ టైల్ వర్క్స్' అని ఉంటే, అది ఆ పెంకు పుట్టిన సంవత్సరం కాదు. మంగళూరులో ఆ మిషన్ వాళ్లు పెంకుల కార్ఖానా పెట్టిన సంవత్సరం. మిఠాయి కొట్టు బోర్డు మీద 'స్థాపితం' అని వేసుకున్నట్టు, తరువాత తయారైన పెంకుల మీదా అదే అంకె అచ్చు వేస్తూ పోయారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆ కార్ఖానాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్లాయి, ఆ తరువాతి పెంకుల మీద కామన్‌వెల్త్ పేరు కనిపిస్తుంది. పైగా వసారా పెంకు కాలి చెప్పు లాంటిది. అరిగితే మార్చేస్తారు, పక్కింట్లో మిగిలితే తెచ్చి వేస్తారు. దాన్ని బట్టి ఇంటి వయసు కట్టకూడదు.

ఇక విభవ. అరవై ఏళ్ల చక్రంలో విభవ రెండోది. 1868లో వచ్చింది, 1928లో వచ్చింది, 1988లోనూ వచ్చింది. పెంకు మీది 1865 పక్కన ఉండేసరికి పెదనాన్నగారికి 1868 దగ్గరగా కనిపించింది. పెంకును పక్కన పెడితే 1928కీ అంతే హక్కు ఉంది. అసలు అది విభవేనా అన్నది ఇంకో సందేహం. ప్రభవ, విభవ, పరాభవ మూడింటికీ తోక ఒకటే. సున్నం మీద సున్నం పడ్డ చెక్కడంలో మొదటి అక్షరం ఊహించి చదివి ఉంటే కథ మారిపోతుంది. ప్రభవ అయితే 1867 లేదా 1927, పరాభవ అయితే 1846 లేదా 1906.

నేను ఒకప్పుడు ఇలాగే పప్పులో కాలేశాను. ముత్యాలపేటలో ఒక ఇంటి కాగితంలో 'ప్రమాది' అని చదివి, 1879 అని రాసిచ్చాను. వారం తరువాత అదే కాగితాన్ని పగటి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే చివర సిరా వెలిసిపోయిన 'చ' కనబడింది. అది ప్రమాదీచ, అంటే 1913. ఒక్క అక్షరం ముప్ఫై నాలుగేళ్లు మింగింది. అందుకే ద్వారబంధాన్ని గోరుతో గీకి చూడకండి. తడిగుడ్డతో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా సున్నం తీయండి. ఇనుప వస్తువేదీ తగలనివ్వకండి. చీకటి పడ్డాక టార్చిలైటును గోడ పక్కగా, చెక్క మీదికి అడ్డంగా వేసి ఫొటో తీయండి. పగలు కనపడని గీతలు రాత్రి లేచి నిలబడతాయి.

పక్షం తరువాత తిథి, ఆ తరువాత వారం ఉంటే మీ అదృష్టం పండినట్టే. అరవై ఏళ్ల తేడాతో వచ్చే అదే తిథి మళ్లీ అదే వారం పడే అవకాశం ఏడింట ఒక వంతు. పాత పంచాంగాలు చూసే ఏ సిద్ధాంతినైనా అడగండి. మన తేదీలను ఇంగ్లీషు తేదీలకు మార్చే పట్టికలను వందేళ్ల కిందటే ఈ మద్రాసులోనే ఎల్.డి. స్వామికన్ను పిళ్లై లెక్కకట్టి పెట్టారు. పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతాయి. ఈ లెక్క కాగితాలకూ పనికొస్తుంది. మాఘమో ఫాల్గుణమో అయితే ఇంగ్లీషు సంవత్సరం ఒకటి ముందుకు జరుగుతుందని మరవకండి. విభవ మాఘం అంటే 1928 కాదు, 1929.

చెక్క మాట అలా ఉంచి, తల పైకెత్తండి. హాలు పైకప్పు మద్రాసు టెర్రస్ అయి ఉండాలి. అంటే దూలాల మీద ఇటుకలను పక్కకు నిలబెట్టి, సున్నంతో ఏటవాలు వరసల్లో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు దిమ్మిసా కొట్టిన కప్పు. ఆ దూలాలు టేకువా, ఇనుప గడ్డర్లా? గడ్డర్లయితే నిచ్చెన వేసుకుని, పొరలు కట్టిన రంగును ఒక చోట తొలగించండి. ఉబ్బెత్తు అక్షరాలు తగలవచ్చు. డోర్మన్ లాంగ్ అని ఉంటే అది ఇంగ్లండులోని మిడిల్స్‌బరో నుంచి ఓడలో వచ్చింది, ఆ కంపెనీ మొదలైందే 1875లో. టాటా అని ఉంటే 1912 తరువాతిది, జంషెడ్‌పూర్‌లో మొదటి ఉక్కు పోసింది ఆ ఏడే. ఈ రెండింటిలో ఏది కనబడినా ఆ కప్పు 1868 నాటిది కాదు. కప్పు అన్నాను, ఇల్లు అనలేదు. పాత గోడల మీద కొత్త కప్పు వేయడం ఆ పేటలో మామూలే. గోడలో ఒక మూల సున్నం రాలిన చోట ఇటుక మందం కొలిచి, కప్పు ఇటుకతో పోల్చండి. రెండూ వేర్వేరుగా ఉంటే మీ ఇంటికి ఒకటి కాదు, రెండు పుట్టిన తేదీలున్నాయి.

ఇప్పుడు పెట్టె. కాగితాలను లామినేషన్ చేయించకండి, చిరుగులకు టేపు అంటించకండి. కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచి, ఒక్కొక్కటే రెండు వైపులా ఫొటో తీయండి. రెండు వైపులా అని ఊరికే అనడం లేదు. స్టాంపు కాగితం వెనక స్టాంపు వెండరు చేతిరాత ఉంటుంది. ఏ తేదీన, ఎవరికి, ఎంతకు అమ్మాడో అక్కడ రాసి సంతకం పెడతాడు. ముందు వైపు తేదీ చెదలు తిన్నా వెనక వైపు బతికి ఉండవచ్చు. అదీ లేకపోతే ముద్రలోని బొమ్మ చూడండి. విక్టోరియా అయితే 1901 లోపు, ఎడ్వర్డ్ అయితే 1910 లోపు, గడ్డం ఉన్న అయిదో జార్జి అయితే 1936 లోపు. పాత నిలవ కాగితం కొన్నాళ్లు వాడేవారు కాబట్టి ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదలండి. డబ్బు రూపాయల్లో కాక వరహాల్లో ఉంటే మాత్రం నాకు వెంటనే ఉత్తరం రాయండి. మద్రాసులో 1818లో రూపాయి వచ్చి వరహాను తోసేసింది, వరహాకు మూడున్నర రూపాయల లెక్కన.

మీరు చదవలేకపోతున్న ఆ రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేస్తూ పోయే రాత. మీ తప్పేమీ లేదు, ఈ రోజుల్లో తెలుగు పండితులూ తడబడతారు. ఒక చిట్కా చెబుతాను. మొదటి వాక్యం నుంచి చదవబోకండి, హద్దులు చెప్పే చోటు వెతకండి. 'తూర్పు', 'దక్షిణం', 'పడమర', 'ఉత్తరం' నాలుగూ తప్పకుండా వస్తాయి. వాటిని పట్టుకుంటే ఆ లేఖరి త, ద, ప, ర ఎలా రాస్తాడో తెలిసిపోతుంది. అక్కడి నుంచి పేర్లు, పేర్ల నుంచి మిగిలినవి విడిపోతాయి. హద్దులు చెప్పే ఈ చెక్కుబందిలోనే ఇంకో లాభం ఉంది. మీ ఇంటికి నాలుగు దిక్కులా ఎవరెవరి ఇళ్లున్నాయో ఉంటుంది కాబట్టి, మీ దస్తావేజు పోయినా పక్కింటి దస్తావేజులో మీ ముత్తాత పేరు దొరుకుతుంది. ఇరుగుపొరుగులతో మంచిగా ఉండడానికి ఇదొక కారణం.

పెట్టెలో ఉన్న వాటిలో అన్నిటికన్నా కొత్తది ముందు తీయండి. చరిత్ర అనగానే అందరూ పాత కొసన మొదలుపెట్టి దుబాసీల దగ్గర తప్పిపోతారు. కొత్త దస్తావేజులో 'ఈ ఆస్తి మాకు ఫలానా సంవత్సరపు ఫలానా నంబరు దస్తావేజు ద్వారా సంక్రమించింది' అని ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని ఒక మెట్టు వెనక్కి, అక్కడి నుంచి ఇంకో మెట్టు వెనక్కి వెళ్లండి. తలుపు నంబరును నమ్మకండి. చెన్నైలో ఏ ఇంటికైనా పాత నంబరు, కొత్త నంబరు ఉంటాయి, పాతదానికి ఇంకా పాతది ఉంటుంది. ఓ.ఎస్., ఆర్.ఎస్., సి.సి. అనే మూడు నంబర్లు రాసుకోండి. పాత సర్వే, రీసర్వే, కలెక్టరు సర్టిఫికెట్ నంబర్లు అవి. తాలూకా ఆఫీసులో టౌన్ సర్వే రిజిస్టరు నకలు కూడా తీసుకుంటే మీ స్థలం కొలతలు చేతికొస్తాయి.

గొలుసు తెగిన చోట రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి. కంప్యూటర్‌లో వచ్చే ఈసీ (ఆస్తి మీది లావాదేవీల పత్రం, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఇటీవలి దశాబ్దాల వరకే పనికొస్తుంది. దానికి వెనక చేత్తో రాసిన ఇండెక్సులున్నాయి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల ప్రకారం, రెండోది ఆస్తి ప్రకారం. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే చెబుతోంది. 'మీకెందుకమ్మా' అని గుమాస్తా అంటే ఆ మాట మర్యాదగా గుర్తు చేయండి. పేరు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతకండి. వెంకట అన్న ఒక్క మాటనే అయిదు విధాలుగా రాసిన గుమాస్తాలను చూశాను. ఒక సంగతి గుర్తుంచుకోండి. తండ్రి పోయి కొడుకులకు వచ్చిన ఇల్లు ఏ ఇండెక్సులోనూ కనబడదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టానికి ముందు నోటిమాటతో జరిగిన అమ్మకాలూ కనబడవు. ఖాళీ కనబడితే ఏదో దాచారని అనుకోకండి, ఎవరో చనిపోయారని అనుకోండి.

మీ మండువా అడ్డగోడ మీద నాకు గట్టి అనుమానం ఉంది. అది మేస్త్రీ కట్టిన గోడ కాదు, పంపకాల దస్తావేజు కట్టిన గోడ. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఇంటిని నిలువునా రెండు వాటాలు చేసి, 'బావి, మేడ మెట్లు ఉమ్మడి' అని రాసుకునేవారు. ఆ పత్రం దొరికితే గోడ ఏ నెలలో లేచిందో కూడా తెలుస్తుంది. కొన్నిటికి రంగు సిరాతో గీసిన ప్లాను కూడా ఉంటుంది, మీ పాత ఇంటి మొత్తానికి అదొక్కటే బొమ్మ కావచ్చు. పంపకం కోర్టుకెక్కి ఉంటే మరీ మంచిది, చరిత్ర రాసేవాళ్లకు కొట్లాట ఉన్న కుటుంబమే నయం. రాజీగా విడిపోయిన వాళ్లు ఒక కాగితం వదులుతారు, కోర్టుకెక్కిన వాళ్లు కట్టలు కట్టలు వదులుతారు. వీలునామాల విషయమూ ఇంతే. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం నుంచి మద్రాసు నగరంలోని హిందువుల వీలునామాలకు హైకోర్టులో ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ, తీసుకోవలసి వచ్చేది. దాంతో పాటు ఆస్తుల జాబితా దాఖలు చేసేవారు. మీ పేట నుంచి హైకోర్టు నడిచి వెళ్లే దూరం. మీ ముత్తాత ఎన్ని వెండి చెంబులు వదిలి వెళ్లాడో అక్కడ ఉండవచ్చు.

మీరు ఉత్తరంలో అడగనిది ఒకటి నేనే చెబుతాను. నాయనమ్మ ఇల్లు అన్నారు కానీ, ఆవిడకు ఎలా వచ్చిందో రాయలేదు. పసుపు కుంకుమల కింద పుట్టింటి వాళ్లు ఇచ్చారా, భర్త పోయాక సంక్రమించిందా? దానపత్రం ఉందేమో చూడండి. ఆ వంశంలో విధవరాలు అమ్మిన దస్తావేజు ఏదైనా ఉంటే దాన్ని రెండు సార్లు చదవండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్త ఆస్తి మీద భార్యకు జీవితకాలపు హక్కే ఉండేది. అమ్మాలంటే తగిన అవసరం చూపించాలి. కొనేవాడు రేపు దాయాదులు దావా వేస్తారన్న భయంతో ఆ అవసరాలన్నీ దస్తావేజులో రాయించుకునేవాడు. భర్త చేసిన అప్పు ఇంత, ఫలానా కోమటికి వడ్డీ ఇంత, కూతురి పెళ్లికి ఇంత, కాశీయాత్రకు ఇంత, కర్మకాండకు ఇంత. మగవాళ్ల క్రయ దస్తావేజులో ఈ గొడవ ఏమీ ఉండదు, 'మా స్వంత అవసరాల నిమిత్తం' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. కాబట్టి మీ ఇంట్లో ఆడవాళ్ల బతుకు ఎక్కడైనా వివరంగా ఉందంటే అప్పుల పట్టికలోనే ఉంటుంది. అందులో కొంత వకీలు గుమాస్తా అలవాటుగా రాసేదేననుకోండి. కాశీయాత్ర చాలా వాటిలో కనిపిస్తుంది. అంకెలు మాత్రం తరచు నిజం చెబుతాయి.

పెట్టెలో అసలు దస్తావేజు లేకపోతే ఎవరో దొంగిలించారని అనుకోకండి. మద్రాసు, కలకత్తా, బొంబాయి లాంటి నగరాల్లో అసలు పత్రాలు అప్పిచ్చినవాడి చేతిలో పెడితే చాలు, తనఖా పత్రం రాసుకోకపోయినా అది తనఖాయే. అప్పు తీరి పత్రాలు తిరిగి రాని ఇళ్లు నేను చాలా చూశాను. అప్పిచ్చిన షావుకారు మనవళ్ల అటక మీద మీ మూల దస్తావేజు ఇంకా ఉండవచ్చు. పెట్టెలో చిట్టా ఆవర్జాలుంటే వాటిని పాత కాగితాలవాడికి వేయకండి. ఇల్లు కట్టిన ఏడాది లెక్కల్లో సున్నం, ఇటుక, టేకు, కూలి వరసగా పడి ఉంటాయి. ద్వారబంధం కంటే అదే గట్టి సాక్ష్యం.

కాగితాల మీద కొన్ని తేదీలు కనిపిస్తే ఆగి చూడండి. 1906 అక్టోబరులో ఆర్బత్‌నాట్ బ్యాంకు మూతపడి ఈ ఊళ్లో ఎందరో దివాలా తీశారు. ఆ తరువాతి ఏడాది అమ్మకాలను ఆ దృష్టితో చదవండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ ఓడ ఎమ్డెన్ రేవులోని చమురు ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. 1942 ఏప్రిల్‌లో జపానువాళ్లు వస్తున్నారని ఊరు సగం ఖాళీ అయింది. నాయనమ్మగారి తరంలో ఎవరున్నా 'ఊరు వదిలి వెళ్లినప్పుడు ఇంటి తాళం ఎవరికిచ్చారు?' అని అడగండి. తేదీలు అడిగితే పెద్దవాళ్లు తడబడతారు, తాళం అడిగితే కథ వస్తుంది. పెదనాన్నగారి అవసరం ఇక్కడే. ఆయన చెప్పేది రికార్డు చేయండి, సొరంగంతో సహా.

దుబాసీ మాట పూర్తిగా కొట్టిపారేయను. 1707-08 ప్రాంతంలో కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలుగా విడిపోయి కొట్లాడుకున్న కులాల్లో, గవర్నరు పిట్ కుడిచేతి వాళ్లకు పెద్దనాయకన్‌పేట, ఎడమచేతి వాళ్లకు ముత్యాలపేట అని తగాదా తీర్చాడు. అందుకే కుడిచేతి వర్గంలోని కోమట్ల ఇళ్లు మీ వైపు అంత దట్టంగా ఉన్నాయి. కానీ బేరి తిమ్మప్ప లాంటి తొలి దుబాసీల నాటి పాత ఊరు కోట గోడకు ఆనుకుని, ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1746లో కోట పట్టుకున్న ఫ్రెంచివాళ్లు కొంత, 1749లో తిరిగి తీసుకున్నాక ఇంగ్లీషువాళ్లు మిగతాది, కోట ముందు ఖాళీ మైదానం కావాలని ఆ ఊరిని చదును చేశారు. కాబట్టి మీ ఇంటికి దుబాసీ ఉంటే తరువాతి తరం వాడై ఉండాలి, అతని పేరు ఏదో ఒక దస్తావేజులో ఉండాలి. పేరు దొరికిన తరువాతే ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లండి. పేరు లేకుండా వెళితే ఆ కట్టల్లో ఏళ్లు గడిచిపోతాయి, మీకున్నది నాలుగు నెలలు.

ముందు ఈ వారం సున్నం తీయండి. 'భవ'కు ముందు ఏ అక్షరాలున్నాయో, శుద్ధం తరువాత ఏ తిథి, ఏ వారం ఉందో, గడ్డరు మీద ఏం కనబడిందో రాసి పంపండి. ద్వారబంధాన్ని పాత సామానుకు కలిపి ఇవ్వకూడదని బిల్డరుతో ఒప్పందంలోనే రాయించుకోండి. నోటిమాట మీద వదిలేస్తే కూల్చిన రోజు సాయంత్రానికే అది ఏ పాత కలప దుకాణంలోనో తేలుతుంది.